నచ్చిన నవలలు, ఆత్మకథల గురించి ‘బాగుంది’ దాటి రాయడం ఎలా?

అర్ధవిరామం

ఈమధ్య చదివిన కొన్ని నవలలు, ఒకటి రెండు ఆత్మకథలు బాగా నచ్చాయి. ఒక్కోదాని గురించి అయిదు వందల మాటలు రాద్దామని కూర్చుంటే రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, కథంతా చెప్పేయడం. రెండోది, ‘మనసుకు హత్తుకుంది, తప్పక చదవండి’ అని ఊరుకోవడం. రెండూ చదివేవాళ్ళకి పనికిరావు.

చదివేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి, ఎంతవరకు? ఆత్మకథలో ఆరేళ్ళ వయసునాటి సంభాషణ పొల్లుపోకుండా పేజీ నిండా ఉంటే నమ్మాలా? నమ్మలేకపోతే ఆ మాట ఎలా రాయాలి? ముగింపు బయటపెట్టకుండా ముగింపు గురించి ఎలా మాట్లాడాలి? అనువాదం చదివి రచయిత భాష బాగుందనవచ్చా? సాహిత్య సిద్ధాంతాలు వద్దు, చేసి చూడగలిగేవి చెప్పండి.

మార్జిన్‌గీత

ముందు వాక్యాల కింద గీతలు గీయడం తగ్గించండి. గీతలు గీస్తూ పోతే చివరికి చేతిలో మిగిలేది అందమైన వాక్యాల చిట్టా. పుస్తకం మీ మీద ఎక్కడ పనిచేసిందో అందులో కనిపించదు. దానికి బదులు వెనక అట్ట లోపల ఒక కాగితం ముక్క పెట్టుకుని పేజీ నంబరు, పక్కన రెండు మూడు మాటలు రాసుకోండి. ‘112, వెనక్కి తిప్పాను.’ ‘147, ఇది నమ్మబుద్ధి కాలేదు.’ ‘203, పదేళ్ళు గెంతింది.’ ఇంతకు మించి వివరణ అప్పుడే వద్దు, చదువు ఆగిపోతుంది.

రాసుకోవాల్సినవి ఏవంటే: చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోటు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోటు, నమ్మకం సడలిన చోటు, కాలం గెంతిన చోటు. వీటితోపాటు విసుగొచ్చి పేరాలు దాటేసిన చోటు కూడా. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నచ్చిన పుస్తకంలో ఏ పాతిక పేజీలు లాగాయో చెప్పగలిగిన పాఠకుడు మెచ్చుకుంటేనే ఆ మెప్పుకి విలువ. మూడు వందల పేజీల నవలకి పన్నెండు పదిహేను గుర్తులు చాలు. నలభై దాటాయంటే మళ్ళీ వాక్యాలు ఏరుకుంటున్నారన్నమాటే.

ఈ-బుక్ అయితే అక్షరాల సైజు మార్చగానే పేజీ నంబరు మారిపోయే ఫైళ్ళున్నాయి. అధ్యాయం నంబరు, పేరాలో మొదటి మూడు మాటలు రాసుకుంటే ఎప్పుడైనా దొరుకుతుంది. ఆడియో పుస్తకమైతే మీరు ఆపేసరికే ఆ మాట దాటిపోయి ఉంటుంది, కాబట్టి కనిపించే సమయంలోంచి అర నిమిషం తీసేసి రాసుకోండి. విన్న పుస్తకంలో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు అచ్చులో చూసుకోకుండా మాత్రం రాయకండి.

పుస్తకం ముగించిన రోజో మర్నాడో, దాన్ని తెరవకుండా పది నిమిషాలు రాయండి. ఆలస్యం చేస్తే ఏం పోతుందో తెలుసా? జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరసలు బట్టీపట్టి తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, మరుపు మొదటి గంటల్లో చాలా వేగంగానూ తర్వాత నెమ్మదిగానూ సాగుతుందని 1885లో రాశాడు. కథకి అర్థం ఉంటుంది గనక అంత త్వరగా చెదిరిపోదు. కానీ పేర్లు, సంఘటనల వరస, ఏ విషయం ముందు ఎవరికి తెలిసిందన్నది, ఇవి పోతాయి. నవల నడకంతా ఆ వరసలోనే ఉంటుంది. వారం పోయాక, మొదటి కాగితం చూడకుండా ఇంకో పది నిమిషాలు రాయండి. రెండింట్లోనూ ఉన్నదాని చుట్టూ మీ వ్యాసం కట్టుకోండి. మొదటిదాంట్లో మాత్రమే ఉన్నది చాలావరకు పుస్తకం మూసిన ఊపు.

ఇక రాయడం. అయిదు వందల మాటల్లో కథకి వంద మాటలు మించనివ్వకండి, అదీ పుస్తకం మొదటి పావు భాగం దాటకుండా. రాశాక పుస్తకం పేరు, పాత్రల పేర్లు చెరిపేసి ఒక్కో పేరా చదవండి. అదే పేరా ఇంకో పుస్తకానికీ అతుకుతుంటే కొట్టేయండి. ‘కళ్ళకు కట్టినట్టు’, ‘ఆపకుండా చదివించింది’, ‘పాత్రలు సజీవంగా’ లాంటివన్నీ ఇక్కడే రాలిపోతాయి.

ఆపకుండా చదివించిన మాట నిజమే అయితే ఎందుకు చదివించిందో లెక్కపెట్టండి. అధ్యాయాలు ఆరేడు పేజీలకి మించలేదా? ప్రతి అధ్యాయం ఒక ప్రశ్న మధ్యలో ఆగుతోందా? రెండు కథలు ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయా? ఇంకో లెక్క కూడా ఉంది, బాగా పనిచేస్తుంది: ఎంత కాలానికి ఎన్ని పేజీలు ఇచ్చారు? ఇరవయ్యేళ్ళ సంసారాన్ని ముప్ఫై పేజీల్లో దాటేసి ఒక్క సాయంత్రానికి నలభై అయిదు పేజీలు ఇస్తే రచయిత దృష్టి ఎక్కడుందో మీకు పేజీ నంబర్లతో సహా తెలిసిపోయినట్టే. ‘ఆ సాయంత్రం బాగా రాశారు’ అనేదానికీ ‘నవలలో ఆరో వంతు ఆ ఒక్క సాయంత్రమే’ అనేదానికీ తేడా చూడండి. రెండో వాక్యం చదివినవాడికి పుస్తకం తెరవాలనిపిస్తుంది.

చివరిపేజీ

మార్జిన్‌గీత గారితో సగమే ఏకీభవిస్తాను. మొదటిసారి చదువుతూనే కాగితం మీద గుర్తులు పెడితే, చదువుతున్నట్టుండదు, తనిఖీ చేస్తున్నట్టుంటుంది. కొన్ని నవలలు అలా చదివితే అసలు లొంగవు. అర్థం కానివాటిని కాసేపు మోస్తూ పోవడమే అక్కడి అనుభవం.

ఏకబిగిన చదివేయండి. ముగించిన వెంటనే మొదటి ఇరవై పేజీలు, చివరి పది పేజీలు మళ్ళీ చదవండి. గంట కూడా పట్టదు. మొదటి అధ్యాయంలో ఏ వస్తువు, ఏ మాట, ఏ మనిషి ఊరికే వచ్చినట్టు కనిపించి తర్వాత పనికొచ్చారో రెండో చదువులోనే తెలుస్తుంది. రాయడానికి ఆ ఒక్క అంశం చాలు.

పేజీల లెక్క కూడా అన్నిటికీ పనిచేయదు. నవీన్ ‘అంపశయ్య’ (1969) ఒక విద్యార్థి జీవితంలో ఒక్క రోజు, అదీ చైతన్యస్రవంతిలో, అంటే మనసులో ఆలోచనలు వచ్చిన తీరులోనే రాసే పద్ధతిలో. అక్కడ ఏ గంటకి ఎన్ని పేజీలో లెక్కపెడితే పెద్దగా ఏమీ తేలదు. ఒక ఆలోచన దేన్ని తగిలి ఇంకో ఆలోచనలోకి జారుతోందో చూడాలి: ఒక వాసనా, ఎవరో అన్న మాటా, ఆకలా? వరసగా నాలుగైదు జారుళ్ళు గుర్తిస్తే ఆ మనసు ఎటు తిరిగి ఎటు వచ్చి దేని దగ్గర ఆగుతోందో మీరే చెప్పగలరు.

పాతపుస్తకం

ఆత్మకథల సంగతి నేను చెబుతాను. నవలని చదివినట్టు దీన్ని చదివి ‘నవలలా ఉంది’ అని మెచ్చుకోవడంతోనే సగం పొరపాటు మొదలవుతుంది.

ప్రచురణ వివరాల పేజీ, ముందుమాట చూసి మూడు తేదీలు రాసుకోండి: సంగతులు ఎప్పుడు జరిగాయి, ఎప్పుడు రాశారు, ఎప్పుడు అచ్చయింది. తనే రాశారా, చెబుతుంటే ఇంకొకరు రాశారా, పోయాక ఎవరైనా సర్దారా అన్నదీ చూడండి. ఇది తెలియకుండా రాస్తే ఎక్కడ దెబ్బ తింటామంటే, గాంధీ ఆత్మకథ తీసుకోండి. 1925 నుంచి 1929 దాకా నవజీవన్ పత్రికలో వారం వారం వచ్చింది. అందుకే అధ్యాయాలు అంత చిన్నవి, ఒక్కోటి దేనికది ముగుస్తుంది. కథ 1920 నాగపూర్ కాంగ్రెస్ దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాతి జీవితం అందరికీ తెలిసిందేనని ఆయనే అంటారు. ఇది పట్టించుకోకుండా ‘ముక్కలు ముక్కలుగా ఉంది, ఉప్పు సత్యాగ్రహం గురించి ఒక్క మాట లేదు’ అని రాస్తే నవ్వులపాలవుతాం. ఉప్పు సత్యాగ్రహం 1930లో కదా.

డైరీ అయితే ఏ రోజుది ఆ రోజే రాసింది గనక కల్తీ ఉండదనుకుంటారు. నాజీలకు చిక్కకుండా దాక్కున్న యూదు బాలిక అన్నే ఫ్రాంక్ 1944 మార్చిలో రేడియోలో ఒక ప్రకటన విన్నది. యుద్ధకాలపు డైరీలను, ఉత్తరాలను భద్రపరచాలని దాని సారాంశం. అది విన్నాక తన డైరీని తనే తిరగరాయడం మొదలుపెట్టింది. 1947లో అచ్చయినది ఆ రెండు పాఠాల్లోంచి తండ్రి కూర్చిన మూడో పాఠం. మూడింటినీ పక్కపక్కన పెట్టిన పండిత ప్రతి 1986లో గానీ రాలేదు. దీనివల్ల ఆ పుస్తకం విలువ తగ్గలేదు. పదిహేనేళ్ళ పిల్ల తన వాక్యాలను తనే దిద్దుకుందన్నది నా దృష్టిలో ఇంకా గొప్ప విషయం. కానీ ‘ఆ క్షణంలో పుట్టిన మాటలు’ అని రాసేముందు ఏ పాఠం చదివామో చూసుకోవాలి.

ఆరేళ్ళనాటి సంభాషణ గురించి అడిగారు. దీనికి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ వ్యవహారంలో మంచి ఆధారం ఉంది. 1973లో నిక్సన్ దగ్గర న్యాయసలహాదారుగా పనిచేసిన జాన్ డీన్ సెనేట్ కమిటీ ముందు నిక్సన్‌తో జరిగిన మాటలన్నీ వివరంగా చెప్పాడు. ఆ గదిలో టేపులు తిరుగుతున్నాయని తర్వాత బయటపడింది. అల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త ఆ సాక్ష్యాన్ని టేపులతో పోల్చి 1981లో ప్రచురించాడు. ఏ రోజు ఎవరు ఏ మాట అన్నారన్న దగ్గర డీన్ జ్ఞాపకం చాలా తప్పింది. పదే పదే నడిచిన వ్యవహారం ఏమిటన్న దగ్గర మాత్రం అతను చెప్పింది నిజమే. అప్పటికి గడిచింది నెలలే, ఏళ్ళు కూడా కాదు. ఇదే నైసర్ 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు విద్యార్థులు ఆ వార్త ఎలా విన్నారో రాయించి పెట్టుకుని, రెండేళ్ళు దాటాక మళ్ళీ అడిగించాడు. చాలామంది చెప్పింది తాము రాసినదానితోనే పొసగలేదు, ధీమా మాత్రం తగ్గలేదు.

కాబట్టి ఆత్మకథలో సంభాషణ కనిపించినప్పుడు ‘ఈ మాటలే అన్నారా’ అని అడగకండి. ‘ఆ ఇంట్లో ఇలాంటి మాటలు తరచూ నడిచేవా’ అని అడగండి. అవుననడానికి పుస్తకంలో ఇంకో రెండు మూడు చోట్ల సాక్ష్యం ఉంటే ఆ సంభాషణ నమ్మదగిన కూర్పు. ఎక్కడా లేక, ఆ ఒక్క సంభాషణలోనే రచయిత తెలివీ ఎదుటివాడి మూర్ఖత్వమూ బయటపడితే అనుమానించండి. రాసేటప్పుడు ‘అబద్ధం’ అనే మాట వాడక్కర్లేదు. ‘ఈ సంభాషణ యాభై ఏళ్ళ తర్వాత కూర్చినది, తండ్రి ప్రతి వాక్యమూ సామెతలా ముగుస్తుంది’ అని రాస్తే చదివేవాళ్ళకి అర్థమవుతుంది.

బాల్యం చాలా చిక్కగా రాశారని మెచ్చుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. నడివయసు దాటినవాళ్ళకి పదేళ్ళకీ ముప్ఫయ్యేళ్ళకీ మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. అంటే ఆ భాగం చిక్కగా ఉండటం మామూలే. చూడాల్సింది నలభై తర్వాతి పేజీలు. అక్కడ పదవులు, సన్మానాలు, కలిసిన పెద్దల పేర్లు మాత్రమే మిగిలాయా, లేక మొదటి భాగంలో ఉన్న చూపే అక్కడా ఉందా? నిలబడే ఆత్మకథలకీ మొదటి సగంతో ఆగిపోయేవాటికీ తేడా ఎక్కువగా అక్కడే తెలుస్తుంది. ఎవరు లేరో కూడా చూడండి. నాలుగు వందల పేజీల్లో భార్య పేరు మూడుసార్లే వస్తే అది రాయదగ్గ సంగతే, నింద అక్కర్లేదు, లెక్క చెబితే చాలు.

తేదీలు సరిచూడాలంటే మూడు చోట్ల చాలు: ఒక బహిరంగ సంఘటన, ఒకరి వయసు లెక్క, ఏది ముందు ఏది వెనక అన్న వరస. ఒక ఏడాది అటూ ఇటూ అయితే అది మనిషి జ్ఞాపకం, పట్టించుకోవద్దు. పొరపాట్లన్నీ రచయితకి లాభించే వైపే ఉంటే మాత్రం రాయండి. 2003లో వచ్చిన ఒక అమెరికన్ వ్యసన విముక్తి కథలో జైలు రోజులు చాలావరకు కల్పితమని 2006లో బయటపడినప్పుడు ప్రచురణకర్తలు అడిగినవాళ్ళకి డబ్బు వెనక్కిచ్చారు, తర్వాతి ముద్రణల్లో వివరణ చేర్చారు. అలాంటి పుస్తకాలకి ఏ ముద్రణ చదివారో చెప్పడం తప్పనిసరి.

అర్ధవిరామం

చాలా ఉపయోగపడ్డాయి. ముగింపు, అనువాదం మిగిలాయి. ఇంకోటి: ‘ఈ నవలలో తల్లి పాత్ర నన్ను కదిలించింది’ అని రాసుకున్నాను. పేర్లు చెరిపేస్తే ఏ నవలకైనా అతుకుతుంది. దీన్ని ఎలా బాగుచేయాలి?

మార్జిన్‌గీత

పుస్తకం తీసి తల్లి కనిపించిన పేజీలన్నీ వరసగా రాయండి. ప్రతి చోటా ఆమె ఏం చేసింది, ఏం అన్నది, ఎవరు చూస్తుండగా అన్నది. ఇలా ఏదో ఒక తీరు బయటపడుతుంది. ఊరికే ఉదాహరణకి, ఆమె నవల మొత్తంలో నాలుగుసార్లే నోరు విప్పుతుందనీ, నాలుగుసార్లూ ఇంకొకరికి వడ్డిస్తూనే మాట్లాడుతుందనీ అనుకుందాం. అయిదోసారి, వడ్డించేవాళ్ళు ఎవరూ లేని గదిలో, మాట్లాడాల్సి వచ్చి ఊరుకుంటుంది. ఇది రాశారంటే ‘కదిలించింది’ అనే మాటే అక్కర్లేదు. మీ వాక్యం ఇలా మారుతుంది: ‘తల్లికి రచయిత ఇచ్చింది నాలుగు సంభాషణలే. అయిదోది ఇవ్వకపోవడం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.’

తీరు ఏదీ బయటపడకపోతే? అప్పుడు మిమ్మల్ని కదిలించింది తల్లి పాత్ర కాదు, ఏదో ఒక దృశ్యం. ఆ దృశ్యం గురించే రాయండి, పాత్ర అంతటికీ పులమకండి.

ఉటంకింపులు రెండు చాలు, ఒక్కోటి రెండు మూడు పంక్తులు. పేజీ చూసి ఎత్తి రాయండి, గుర్తున్నట్టు రాస్తే మాట మారిపోతుంది. ఉటంకించాక దాని గురించి మీ వాక్యం ఒకటైనా ఉండాలి. ఊరికే అతికించి వదిలేస్తే అది అలంకారం.

రెండోముద్రణ

అనువాదం గురించి. అనువాదం చదివి వాక్యాల సొగసు మూలరచయితకి కట్టబెట్టకండి. ఆ సొగసు అనువాదకులది కావచ్చు, ఆ మొద్దుతనం కూడా వాళ్ళదే కావచ్చు. సంఘటనల వరస, ఎవరి కంటితో చెబుతున్నారు, ఏది చెప్పకుండా వదిలేశారు, అధ్యాయం ఎక్కడ తెగింది, ఇవి చాలావరకు అనువాదంలోనూ నిలుస్తాయి, వాటిమీద ధైర్యంగా మాట్లాడవచ్చు. హాస్యం, యాస, పిలుపులు నిలవడం కష్టం. పాత్రలు ఒకరినొకరు ‘నువ్వు’ అంటున్నారా ‘మీరు’ అంటున్నారా అన్నది ఇంగ్లీషు నుంచి వచ్చిన పుస్తకంలో పూర్తిగా అనువాదకుల నిర్ణయం, ఎందుకంటే అక్కడ ఆ తేడా లేదు. మూలభాష నుంచి నేరుగా వచ్చిందా, మధ్యలో ఇంగ్లీషు ఉందా, సంక్షిప్తమా అన్నది లోపలి పేజీలో చూసి అనువాదకుల పేరుతో సహా మొదటి పేరాలోనే రాసేయండి.

ఉత్తమ పురుషలో సాగే నవలని రచయిత జీవితమే అనుకోవడం ఇంకో పాత పొరపాటు. 1719లో రాబిన్సన్ క్రూసో వచ్చినప్పుడు దాని ముఖపత్రం మీద క్రూసో తానే రాసుకున్నట్టుగా ఉంది, డీఫో పేరు లేదు. నవల పుట్టిన కొత్తలోనే ఆత్మకథ వేషం వేసుకుంది. అందుకని ‘రచయిత చిన్నప్పుడు’ అనకుండా ‘కథ చెప్పే మనిషి చిన్నప్పుడు’ అనండి. ఆ మనిషి ఎంత వయసులో ఉండి చెబుతున్నాడు, తెలిసింది ఎంత దాస్తున్నాడు అన్నవి చూస్తే రాయడానికి బోలెడు దొరుకుతుంది.

ముగింపు విషయానికొస్తే, ఏం జరిగిందో చెప్పకుండా ఎలా జరిగిందో చెప్పవచ్చు: ఎన్ని పేజీల్లో ముగించారు, ప్రశ్న తీరిందా తెరిచే ఉందా, చివరి దృశ్యంలో కొత్త మనుషులు వచ్చారా, ముందునుంచీ ఉన్నవాళ్ళేనా. మీ వాదనంతా ముగింపు మీదే ఆధారపడితే ఆ పేరాకి ముందు ఒక హెచ్చరిక వాక్యం పెట్టి రాసేయండి, మొహమాటం వద్దు. పాత నవలలైతే ఏ ముగింపు చదివారో కూడా చూసుకోవాలి. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860–61లో వారపత్రికలో వస్తుండగా, స్నేహితుడైన ఒక నవలాకారుడి సలహా మీద ఆఖరు అధ్యాయం అచ్చుకి ముందే మార్చేశాడు. మొదట రాసిన ముగింపు ఆయన పోయాక, 1874లో వచ్చిన జీవితచరిత్ర సంపుటిలో బయటపడింది. ఇప్పుడు కొన్ని ప్రతుల్లో రెండూ ఉంటాయి. ముగింపు అతికినట్టు లేదని మీకనిపిస్తే ఇలాంటి కారణం ఉందేమో ముందుమాటలో చూడండి. సీరియల్‌గా వచ్చిన ఏ నవలకైనా అంతే: ప్రతి అధ్యాయం ఉత్కంఠతో ఆగడం, జరిగిన కథ మళ్ళీ చెప్పడం వారం వారం చదివేవాళ్ళ కోసం పెట్టినవి, ఒకేసారి చదివితే అవే లోపాల్లా కనిపిస్తాయి.

అర్ధవిరామం

అన్ని పుస్తకాల గురించీ ఒకే వ్యాసంలో రాయాలంటే?

పాతపుస్తకం

సమానంగా పంచకండి. ఎక్కువ చెప్పగలిగిన పుస్తకానికి సగం ఇచ్చేయండి, మిగతావాటికి అరవై డెబ్భై మాటలు చాలు, ఒక్కోదానికి ఒక్క సంగతి. మార్కులు, నక్షత్రాలు వేయకండి, జనం అవి చూసి మాటలు చదవరు. ఒక నవలనీ ఒక ఆత్మకథనీ ఒకే ప్రశ్న కింద పక్కపక్కన పెడితే రెండింటి గురించీ త్వరగా తేలుతుంది: రెండింట్లోనూ చావు ఉందనుకోండి, నవలలో అది ఎన్నో పేజీలో తెలుస్తుంది, ఆత్మకథలో ఎన్నో పేజీలో? ఆత్మకథ రాసినవాళ్ళు తరచూ మొదటి పేజీల్లోనే చెప్పేస్తారు, నవలాకారులు దాస్తారు. ఎదురు తిరిగిన జత ఏదైనా మీ దగ్గరుంటే దానితోనే మొదలుపెట్టండి.